గేటు దగ్గర రెండు గంటల సలహా

గాట్‌హార్డ్ ఉయిసెబ్‌కి యాభై ఎనిమిదేళ్లొచ్చినా ఒక్కసారి కూడా స్టీరింగు ముట్టుకోలేదు. అయినా ఎడారిలో బండి ఎలా నడపాలో అతని చేత చెప్పించుకోకుండా ఊచాబ్ గేటు దాటిన విదేశీయుడు లేడు.

ఆ గేటుని చుట్టుపక్కల అందరూ మాంసం గేటంటారు. నమీబియాని ఒక కొస నుంచి ఇంకో కొసకి అడ్డంగా కోసుకుపోయే కంచెలో అదొక సందు. ఉత్తరాది పశువుల జబ్బు దక్షిణాది పశువులకి అంటకూడదని, ఉత్తరం నుంచి వచ్చే ఏ బండిలోనూ పచ్చి మాంసం ఆ కంచె దాటనివ్వరు. గాట్‌హార్డ్ ఉద్యోగమల్లా బండి ఆపడం, డబ్బాలు తెరిపించడం, మాంసముంటే తీసుకోవడం, లేకపోతే అడ్డకర్ర ఎత్తడం. ఇరవై ఆరేళ్లుగా ఆ కర్రని ఎత్తుతున్నాడు, దించుతున్నాడు. ఇంత చిన్న పనికి అంత పెద్ద టోపీ ఎందుకని అతని భార్య ఒట్టీలీ అడుగుతూనే ఉంటుంది.

సెలవులకొచ్చే తెల్లవాళ్లకి ఈ గొడవ తెలియదు. విమానం దిగి, నెత్తిన గుడారం మోసే అద్దె బండి తీసుకుని, అందులోని బుల్లి ఫ్రిజ్జు నిండా మాంసం కుక్కుకుని, పాటలు పెట్టుకుని వస్తారు. గేటు దగ్గర వాళ్ల ముఖాలు చూడాలి. "పచ్చిది పోకూడదు. కాల్చింది పోవచ్చు," అంటాడు గాట్‌హార్డ్, వరమిస్తున్నట్టు. పక్కనే సగానికి కోసిన ఇనప పీపా, దాని మీద ఊచల జల్లెడ, కట్టెలు సిద్ధంగా ఉంటాయి. పారేయడానికి మనసొప్పక, వెనక్కి పోలేక, వాళ్లు ఆ ఎండలో నిలబడి ఉన్నదంతా కాల్చుకుంటారు. దానికో గంట పడుతుంది. గంటసేపు కదలకుండా దొరికిన మనిషికి సలహా చెప్పకుండా ఉండటం గాట్‌హార్డ్ వల్ల అయ్యే పని కాదు.

"ముందు టైర్లలో గాలి తగ్గించండి," అని మొదలుపెడతాడు. "తారు రోడ్డు గాలితో కంకర మీద పోతే ప్రతి రాయీ మీ మీద పగబడుతుంది. ఎనభై దాటొద్దు. దాటితే బండి మీ మాట వినదు, మీరు కంగారుగా బ్రేకు తొక్కుతారు, అది దొర్లుతుంది. స్టెప్నీలు రెండూ ఇప్పుడే చూసుకోండి. పంచరయ్యాక చూసుకుంటే వాటిలోనూ గాలుండదు. బంకు కనిపిస్తే ట్యాంకు సగమున్నా నింపుకోండి, తర్వాతి బంకులో కరెంటుంటుందో లేదో దేవుడికే తెలియాలి. ఫోను రెండు గంటలంటే నాలుగనుకోండి. పొద్దు వాలేలోపు ఎక్కడో ఒకచోట ఆగిపోండి, కొమ్ముల జింకలు రోడ్డెక్కేది అప్పుడే, అద్దం పగలగొట్టుకుని వచ్చి మీ ఒళ్లో కూర్చుంటాయి. తాగే నీళ్లు మనిషికి రోజుకి అయిదు లీటర్లు. బీరు నీళ్లలో లెక్క కాదు."

ఇందులో ఒక్క ముక్కా తప్పు లేదు. లారీ డ్రైవర్ల దగ్గర, రోడ్డు చదును చేసే యంత్రం నడిపేవాడి దగ్గర, బండి తలకిందులై ఏడుస్తూ వచ్చినవాళ్ల దగ్గర విని విని పోగేసిన చదువది. వినేవాళ్లు తల ఊపుతారు. ఒకడు పుస్తకంలో రాసుకుంటాడు. ఇంకొకడు ఫోనులో వీడియో తీస్తాడు, ముఖ్యంగా టోపీని. కర్ర లేవగానే అందరూ నూట పదిలో దుమ్ము రేపుకుంటూ పోతారు. ఆ దుమ్ము అణిగేదాకా గాట్‌హార్డ్ చెయ్యెత్తి సలాం చేస్తూ నిలబడతాడు.

వాళ్లలో సగం మంది ఇంకో బండికి తాడు కట్టించుకుని వెనక్కొస్తారు. గేటుకి అవతల కూతవేటు దూరంలోనే ఒట్టీలీ పంచరు షెడ్డు. ఆమె ఎవరికీ సలహాలివ్వదు. జాకీ ఎక్కడుందని అడుగుతుంది, అంతే.

"ఏమయ్యా ప్రొఫెసరూ, పొద్దుటి శిష్యుడు తిరిగొచ్చాడు," అని షెడ్డులోంచి కేకేస్తుంది. "టైరు చూడు, గుడ్డపీలిక!"

"ఎనభై దాటొద్దని చిలక్కి చెప్పినట్టు చెప్పాను."

"నువ్వు చెప్పబట్టే నూట పదిలో పోయాడు. ఎక్కడ వెనకాలే వచ్చి ఇంకా చెబుతావోనని."

ఇంట్లోనూ అంతే. మొక్కజొన్న సంగటి కెలికేటప్పుడు గరిటె ఎటు తిప్పాలో చెబుతాడు. "ఎప్పుడైనా వండి చచ్చావా?" అంటుందామె. "వండేవాళ్లని చూశాను," అంటాడు ఏమాత్రం తడుముకోకుండా. మేకల మందల్ని ట్రాలీలో తోలిన తండ్రి దగ్గర పదమూడో యేట బండి నేర్చిన మనిషి ఒట్టీలీ. ఆమెకి సైతం గేరు ఎప్పుడు మార్చాలో పక్క సీట్లోంచి చెప్పే మొగుణ్ణి ఇన్నేళ్లు భరించిందంటే ఆమె ఓర్పుని మెచ్చుకోవాలి. ఆమె నోటిని మెచ్చుకోవడం మాత్రం కష్టం.

ఫిబ్రవరి నెలాఖర్లో ఒక పొద్దున డచ్చి జంటొకటి దిగింది. తూర్పున కొండల మీద మూడు రోజులుగా నల్లటి మబ్బు కదలకుండా కూర్చుంది. గేటు దగ్గర మాత్రం చినుకు లేదు, ఎండ మాడ్చేస్తోంది. మొగుడి పేరు వౌటర్. ఎర్రగా కాలిన మోకాళ్లు, ఎనిమిది జేబుల నిక్కరు. పెళ్లాం హన్నెకె, గడ్డి టోపీ, మెళ్లో కెమెరా. ఇద్దరికీ అరవై అయిదు దాటాయి.

వాళ్లని చూసి గాట్‌హార్డ్ పొంగిపోవడానికి కారణముంది. అతను ఇంట్లో డమారా భాష మాట్లాడినా గేటు దగ్గర మాట్లాడేది ఆఫ్రికాన్స్. అది డచ్చి భాషకి మనవరాలు. వాళ్లు మాట్లాడుతుంటే చర్చిలో పాత బైబిలు చదువుతున్నట్టుంది. ఇతను మాట్లాడితే వాళ్లకి మూడేళ్ల పిల్లాడి మాటల్లా వినిపించి ఉంటాయి. ఏమైతేనేం, ఇతను రోడ్డంటే వాళ్లదీ రోడ్డే, ఇతను నీళ్లంటే వాళ్లవీ నీళ్లే. ఇంత సులువుగా అర్థం చేసుకునే శ్రోతలు ఇరవై ఆరేళ్లలో దొరకలేదు.

"నలభై ఏళ్లు ఏటి కట్టలు కాపాడిన ఇంజినీర్నండి నేను," అన్నాడు వౌటర్, నిప్పుల మీద మాంసం పరుస్తూ. "మా దేశం సగం సముద్రం కంటే కిందుంటుంది. నీళ్లు ఎటు పోవాలో మేం చెబుతాం. అవి అటే పోతాయి."

"మంచిది," అన్నాడు గాట్‌హార్డ్. "టైర్లలో గాలి తగ్గించారా?"

వౌటర్ ఒక జేబులోంచి వేడి కొలిచే సూది తీసి ప్రతి ముక్కలోనూ గుచ్చి చూశాడు, లోపల దాకా ఉడికిందాలేదా అని. అందుకే గంటలో అయ్యే పని రెండు గంటలు పట్టింది. అంత సేపూ గాట్‌హార్డ్ చెబుతూనే ఉన్నాడు. గాలి, కంకర, స్టెప్నీ, జింకలు అయ్యాయి. ఇసుక పాఠం కూడా పూర్తిగా చెప్పాడు. ఇసుకలోకి దిగే ముందు గాలి సగానికి సగం తీసెయ్యాలి, దిగాక ఆగకూడదు, స్టీరింగు ఊరికే తిప్పకూడదు. వౌటర్ ఇంకో జేబులోంచి గాలి కొలిచే గడియారం తీశాడు. కంకరకెంత, ఇసుకకెంత అని అడిగి అంకెలు రాసుకున్నాడు. అక్కడికక్కడే నాలుగు చక్రాల ముందూ మోకాళ్ల మీద కూర్చుని కంకరకి సరిపడా గాలి తీశాడు. చెప్పింది చెప్పినట్టు చేసిన మొదటి శిష్యుణ్ణి చూసి గాట్‌హార్డ్ గాలి మూతలు తనే ఏరి అందించాడు.

"ఇవాళ ఎక్కడైనా ఏటి దగ్గర గుడారం వేసుకుందామని ఉంది," అంది హన్నెకె. "దారిలో ఏరేదైనా ఉందా?"

"ఎందుకు లేదమ్మా? ముప్ఫై కిలోమీటర్లు పోతే గోవారిబ్ ఏరు. పెద్ద పెద్ద చెట్లు, చల్లటి నీడ. కాకపోతే ఏరింకా రాలేదు."

హన్నెకె రోడ్డు వైపు చూసింది. "ముప్ఫై కిలోమీటర్లన్నారుగా. వస్తుంది లెండి."

"వస్తుంది, వస్తుంది. ఇవాళో రేపో," అన్నాడు గాట్‌హార్డ్, తూర్పున మబ్బు వైపు ఆశగా చూస్తూ.

తన మొగుడి నత్తనడక డ్రైవింగు మీద వేసిన చలోక్తనుకుని ఆమె పకపకా నవ్వింది. ఏరొస్తుందన్న సంతోషంతో నవ్విందనుకుని గాట్‌హార్డ్ కూడా నవ్వాడు.

ఆ దేశంలో ఏరంటే ఒక చోటు. నీళ్లు దానికి చుట్టపుచూపుగా వస్తాయి, కొన్నేళ్లు అసలు రావు. వచ్చినప్పుడు ఏరొచ్చిందంటారు, రానన్నాళ్లూ ఏరు ఏరులాగే ఇసుక పరుచుకుని ఉంటుంది. ఇది మూడేళ్ల పిల్లకి కూడా తెలిసిన సంగతి కాబట్టి ఎవరూ ఎవరికీ చెప్పరు. ఎందుకో ఆ రోజు గాట్‌హార్డ్ ఏటి గురించి ఇంకో మాట చెప్పబోయాడు కూడా. నోరు తెరిచేసరికి వౌటర్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"టైర్ల సంగతి మీరు చెప్పండి, వింటాను. ఏటి సంగతి మాత్రం నాకొదిలెయ్యండి."

గాట్‌హార్డ్‌కి ఆ మాట కలుక్కుమంది. తన గేటు దగ్గర ఇంకో ప్రొఫెసరా? సరే నీ ఏరు నువ్వే ఏలుకో అనుకుని ఏనుగుల పాఠానికి పోయాడు. పదిన్నరకి కర్ర లేచింది. తెల్ల బండి అరవైలో, బుద్ధిగా, పెళ్లి ఊరేగింపులా వెళ్లింది. అది కనుమరుగయ్యేదాకా చూసి, షెడ్డు దాకా నడిచి వెళ్లి మరీ ఒట్టీలీతో చెప్పాడు, "చూశావా? అరవై!"

"ఇలాంటోళ్లు నలుగురొస్తే నా షెడ్డుకి తాళమే," అందామె.

మధ్యాహ్నం ఒంటి గంటకి దక్షిణం నుంచి మేకల లారీ వచ్చి ఆగింది. డ్రైవరు ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. "పెద్దాయనా, గోవారిబ్‌లో ఒక వింత చూశాను. ఏటికి సరిగ్గా నడి మధ్యన ఒక తెల్ల బండి. గుడారం పరిచారు, బల్ల వేశారు, తాడు కట్టి బట్టలు ఆరేసుకున్నారు. ముసలాయన నిక్కరేసుకుని కుర్చీలో నిద్రపోతున్నాడు."

గాట్‌హార్డ్ తొడ చరుచుకుని నవ్వాడు. నిజం చెప్పాలంటే గర్వంతో నవ్వాడు. "నడి మధ్య దాకా పోయాడా! ఎక్కడా కూరుకుపోలేదు కదా? చూడు, గాలి తగ్గిస్తే అలా ఉంటుంది. నేనే చెప్పాను."

లారీ వెళ్లిన అయిదు నిమిషాలకి ఫోను మోగింది. గోవారిబ్ ఎగువన మేకలు పెంచుకునే బావమరిది ఫ్రిడోలిన్.

"బావా! ఏరొచ్చింది! నాలుగేళ్ల తర్వాత ఏరొచ్చింది బావా! ఒడ్లు తన్నుకుంటూ వస్తోంది. నా మేకలు రెండు పోయాయి, పోతే పోయాయి. ముప్పావుగంటలో మీ రోడ్డు దగ్గరికొచ్చేస్తుంది. అక్కకి చెప్పు!"

గాట్‌హార్డ్ పరుగున షెడ్డుకి పోయాడు, ఇంకా సంతోషంలోనే ఉన్నాడు. ఒట్టీలీ చేతిలోని టైరు వదిలేసి చప్పట్లు కొట్టింది. నాలుగేళ్ల కరువులో వాళ్ల మేకలు సగమయ్యాయి, ఊళ్లో బావులు బురదకొచ్చాయి. ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అంతలో ఆమె చప్పట్లు ఆగిపోయాయి.

"ఏమయ్యా. పొద్దున పోయిన ముసలాళ్లు ఎక్కడుంటామన్నారు?"

గాట్‌హార్డ్ రోడ్డు వైపు చూశాడు. లారీ డ్రైవరు చెప్పింది ఇప్పుడు ఇంకోలా వినిపించింది.

"వాళ్లకి తెలిసే ఉంటుందిలే," అన్నాడు. "ఆయన ఏటి కట్టల ఇంజినీరు."

"తెలిసినోడు ఏట్లో బట్టలారేస్తాడా?"

"ఏరింకా రాలేదని చెప్పానే! వస్తుందిలెండి అని ఆవిడే అంది…"

అనేసి ఆగిపోయాడు. హన్నెకె ఎందుకు నవ్విందో అప్పుడు తెలిసింది. వాళ్లు మామూలు శిష్యుల్లాంటివాళ్లైతే ఒడ్డు దిగీ దిగగానే కూరుకుపోయి, తిట్టుకుంటూ గట్టు మీదే ఉండిపోయేవాళ్లు. నడి ఏటి దాకా పోవడం నేర్పింది తనే.

ఫోను చేస్తే అక్కడ సిగ్నలు లేదు. ఒట్టీలీ అప్పటికే పికప్పు స్టార్టు చేసింది. గాట్‌హార్డ్ కర్ర దించి, తాళమేసి, తాళంచెవి జేబులో పెట్టుకున్నాడు. పనివేళలో గేటు వదిలి పోవడం ఇరవై ఆరేళ్లలో అదే మొదటిసారి. ఎవరైనా పైవాళ్లొస్తే ఉద్యోగం గతేమిటో ఆలోచించే తీరిక లేదు.

ఆ పికప్పు తలుపుని తీగతో కట్టారు. ఒట్టీలీ దాన్ని కంకర మీద నూటపదిలో తోలింది. రోడ్డు రేకు మడతల్లా ఉంది, దవడలు కొట్టుకుంటున్నాయి. గాట్‌హార్డ్ రెండు చేతులతో డ్యాష్‌బోర్డు పట్టుకున్నాడు.

"ఎనభై… ఒట్టీలీ, ఎనభై దాటితే…"

"నోరు మూస్తావా, దింపెయ్యనా?"

నోరు మూశాడు. తను వేలమందికి పాఠంగా చెప్పిన రోడ్డు ఇలా ఉంటుందని అతనికి తెలియదు. మలుపు దగ్గర బండి వెనక భాగం పక్కకి జారితే కళ్లు మూసుకున్నాడు. ఒట్టీలీ బ్రేకు ముట్టుకోలేదు, స్టీరింగు కొద్దిగా వదిలి పట్టుకుంది, బండి దారిలోకొచ్చింది. ఇదెవరు నేర్పారని అడగబోయి మానుకున్నాడు.

గోవారిబ్ దగ్గరికొచ్చేసరికి ఏరు మామూలుగానే ఉంది. అర కిలోమీటరు వెడల్పున తెల్లటి ఇసుక, మధ్యలో దిబ్బలాంటి చోట నాలుగు పెద్ద చెట్లు, వాటి కింద తెల్ల బండి. మీద నీలాకాశం. ఒట్టీలీ పికప్పుని ఒడ్డు మీదే ఆపి హారను మీద చెయ్యి పెట్టి ఉంచింది. గాట్‌హార్డ్ ఇసుకలో పడుతూ లేస్తూ పరిగెత్తాడు. టోపీ ఒకసారి పడిపోతే వెనక్కెళ్లి తెచ్చుకున్నాడు.

"ఏరొస్తోంది! లేవండి! ఏరొస్తోంది!"

వౌటర్ ముఖం మీది టోపీ తీశాడు. "అరే, మీరా! రండి రండి. కాఫీ తాగుతారా?"

"కాఫీ కాదయ్యా, బండి తీయండి! ఏరొస్తోంది!"

"ఏటి కోసమే చూస్తున్నాం," అంది హన్నెకె. "ఎంత దూరం పోవాలి? ఇక్కడ చోటు బాగుందని ఆగాం. అసలు ఏరెక్కడుంది?"

"ఇదే ఏరు! మీరు ఏట్లోనే ఉన్నారు!"

వౌటర్ కుర్చీలోంచి వంగి గుప్పెడు ఇసుక తీసి వేళ్ల సందుల్లోంచి వదిలాడు. ఓపిగ్గా నవ్వాడు. తొందరపడే మనుషుల్ని చాలామందిని చూసిన నవ్వది. "చూడండి మిత్రమా. ఏరంటే నాకు తెలుసు. ఏటికి నీళ్లుండాలి. ఇక్కడ వాన లేదు, నెత్తిన మబ్బు లేదు. ఒకవేళ ఎక్కడో కురిసినా ఇంత ఇసుక తాగేస్తుంది. లెక్కేసి చెప్పమంటారా?"

గాట్‌హార్డ్ తనకొచ్చిన మాటలన్నీ వాడాడు. ఫ్రిడోలిన్ మేకల గురించి చెప్పాడు, ఎగువన కురిసిన వాన గురించి చెప్పాడు, దణ్ణం పెట్టాడు. వౌటర్ తల ఊపాడు. ఇరవై ఆరేళ్లుగా గేటు దగ్గర చూస్తున్న ఊపే అది. హన్నెకె కెమెరా ఎత్తి వీడియో తీయడం మొదలుపెట్టింది. ఎగువ నుంచి గాలి తిరిగింది. అందులో తడిమట్టి వాసన ఉంది. దూరంగా లారీ ఇంజను మోగుతున్నట్టు ఒక సన్నని హోరు. అది లారీ కాదని గాట్‌హార్డ్‌కి తెలుసు.

అప్పుడతనికి ఏడుపొచ్చినంత పనైంది. తన మాటని ఎవరూ ఏనాడూ వినలేదు, ఎండలో నిలబడటానికి వేరే గతి లేక నిలబడ్డారు, అంతే. వాళ్లు విన్నది ఒక్కటే. గాట్‌హార్డ్ టోపీ సరిచేసుకున్నాడు, గుండీ పెట్టుకున్నాడు, గొంతు మార్చాడు.

"పెట్టె తెరవండి. మాంసం తనిఖీ."

"ఏమిటి?"

"పొద్దున కాల్చిన మాంసం మీద ఫిర్యాదొచ్చింది. లోపల పచ్చి ఉంది. పచ్చి మాంసం కంచె దాటించడం నేరం. బండితో సహా ఒడ్డు మీదికి రావాలి, కాగితాలు రాయాలి. ఇప్పుడే. అయిదు నిమిషాల్లో రాకపోతే బండి జప్తు చేస్తాను, కేసు పెడతాను."

వౌటర్ ముఖం తెల్లగా పాలిపోయింది. "పచ్చి ఉందా? ప్రతి ముక్కా నేను సూదితో కొలిచాను! అంకెలు రాసి పెట్టాను!"

"ఆ అంకెలు ఒడ్డు మీద చూపించండి."

వాళ్లెంత వేగంగా కదిలారో చూస్తే నవ్వొస్తుంది. ఏరు మీదికొస్తోందంటే కాఫీ పోయబోయిన మనుషులు, మాంసం కాగితమనేసరికి మూడు నిమిషాల్లో గుడారం మడిచేశారు. వౌటర్ గొణుక్కుంటూనే స్టీరింగు దగ్గర కూర్చున్నాడు. హన్నెకె బట్టల కోసం తాడు వైపు పోబోతే గాట్‌హార్డ్ రెక్క పట్టుకుని బండిలోకి తోసేశాడు, తనూ వెనక ఎక్కాడు. టైర్లలో గాలి సరిగ్గా సగముంది. బండి ఎక్కడా ఆగకుండా, స్టీరింగు ఊరికే తిరగకుండా, పాఠంలో చెప్పినట్టే ఇసుక దాటి గట్టెక్కింది.

వౌటర్ తన పుస్తకం పట్టుకుని దిగాడు. "చూడండి, ఇదిగో, డెబ్భై రెండు డిగ్రీలు…"

మాట పూర్తి కాలేదు. ఎగువ మలుపులోంచి గోధుమరంగు నురగ బయటికొచ్చింది. పెద్ద కెరటమేమీ కాదు. పొయ్యి మీద పాలు పొంగి గట్టు మీదికి పాకినట్టు పాకుతూ వచ్చింది, ముందర పుల్లలూ ఎండుటాకులూ తోసుకుంటూ. దాని వెనకాల చెట్టు మొదళ్లు దొర్లుతూ వచ్చాయి. చూస్తుండగానే దిబ్బ చుట్టూ తిరిగింది, దిబ్బ మీదికెక్కింది. బల్ల లేచి, దాని మీది గళ్ల గుడ్డతో సహా కాస్త దూరం తేలి, పల్టీ కొట్టింది. బట్టల తాడు తెగిపోయింది. పావుగంటలో అర కిలోమీటరు వెడల్పునా నీళ్లే. ఆ హోరులో ఎవరి మాటా ఎవరికీ వినపడదు.

వౌటర్ నేల మీద కూలబడ్డాడు. పుస్తకం మూసి జేబులో పెట్టుకోవడానికి ప్రయత్నించాడు, ఎనిమిది జేబుల్లో ఒక్కటీ దొరకలేదు. హన్నెకె అతని తల మీద చెయ్యేసి నిలబడింది.

"మాంసం?" అంది గాట్‌హార్డ్ వైపు తిరిగి.

"మాంసం బాగా ఉడికిందమ్మా," అన్నాడు గాట్‌హార్డ్. "అంత బాగా ఉడికిన మాంసం నా గేటు దాటలేదు."

వౌటర్ తలెత్తి చూశాడు. అతని గొంతులో కోపం లేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగాడు. "పొద్దున రెండు గంటలు చెప్పారు. టైర్లు చెప్పారు, జింకలు చెప్పారు, బీరు చెప్పారు. ఇది ఎందుకు చెప్పలేదు?"

మీరే కదా ఏటి సంగతి మీకొదిలెయ్యమన్నారు అనొచ్చు. అంటే ఎవరూ తప్పు పట్టరు. కానీ అది నిజం కాదని గాట్‌హార్డ్‌కి తెలుసు. వౌటర్ కంటే ముందొచ్చిన వాళ్లెవరూ చెయ్యి అడ్డం పెట్టలేదు. వాళ్లకీ చెప్పలేదు.

"తెలియని వాళ్లుంటారని నాకు తెలియదండి," అన్నాడు.

తిరుగుదారిలో ముందు ఒట్టీలీ పికప్పు, వెనకాల తెల్ల బండి. ఒట్టీలీ ఈసారి యాభై దాటలేదు. వెనకాల ముసలాయన అంతకంటే జోరుగా రాలేడని ఆమెకి తెలుసు. సగం దూరం వచ్చాక గాట్‌హార్డ్ నోరు తెరిచాడు.

"పోయిన మార్చిలో ఒక జంట వచ్చింది, ఇద్దరు ఆడపిల్లలతో. చిన్నదానికి ఇంకా నడక కూడా సరిగ్గా రాలేదు. గుర్తుందా?"

"ఆఁ. రెండు పంచర్లు."

"గోవారిబ్ చెట్ల కిందే పడుకుంటామన్నారు. ఇసుకలోకి ఎలా దిగాలో వాళ్లకీ నేర్పాను. అంతకుముందు యేడాది ఒంటరిగా ఒక నర్సమ్మ వచ్చింది. తర్వాత ఆ తండ్రీ కొడుకులు. అందరికీ ఆ చెట్లే చూపించాను. నీడ బాగుంటుందని."

ఒట్టీలీ గేరు మార్చింది. ఎప్పుడు మార్చాలో అతను చెప్పలేదు.

"వాళ్లకేం కాలేదు కదయ్యా," అంది.

"కాలేదు. నాలుగేళ్లు ఏరు రాలేదు కాబట్టి కాలేదు."

ఇంటింటా సగం మేకల్ని పొట్టనబెట్టుకున్న ఆ పాడు కరువే తన శిష్యుల్ని ఇన్నాళ్లూ కాపాడుతూ వచ్చిందని ఒప్పుకోవడానికి గాట్‌హార్డ్‌కి చాలా కష్టంగా ఉంది. అతను టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఏ మాటతో పొడుస్తుందా అని భార్య వైపు చూశాడు. పొడిస్తే బాగుండుననిపించింది.

"నాకూ తోచలేదయ్యా," అంది ఒట్టీలీ. "టైరు బిగించి పంపించేశాను."